ఎడమ బ్యాకు నిలువెత్తు బంగారం

మొన్న పొద్దున టీ తాగుతూ మా ఆయన ఫోన్ చూసి, "మన దేశం ఫుట్‌బాల్ టీమ్ లిస్టు ఇచ్చిండ్లట" అన్నాడు. ఆయనకు ఫుట్‌బాల్ అంటే ఏమీ పట్టదు. ఊరికే చదువుతూ పోయాడు. నేను వంకాయలు తరుగుతున్నాను. మధ్యలో ఒక పేరు వినపడగానే, నాకు తెలియకుండానే, "వాడా? వాడు నీళ్లు జల్లిన పత్తి" అనేశాను.

మా ఆయన ఫోన్ దించి నా వైపు చూశాడు. నేను వంకాయ వైపు చూశాను.

ఆ మాట నాది కాదు. మా పెదనాన్న కొడుకుది. పోయిన వానకాలం, చేన్లలో పత్తి గింజలు పెట్టే రోజుల్లో ఆయన పోయాడు. పేరు ఇక్కడ రాయను. రాస్తే అక్కడ కూర్చుని, "నా పేరు రాసినవ్ గని అక్షరాలు గంత చిన్నగనా?" అని తగువు పెట్టుకోగలడు. అన్న అంటే చాలు.

మా అన్నది మార్కెట్ యార్డులో వ్యాపారి తరఫున పత్తి చూసే పని. తొర్రూరు వైపు నుంచి రైతులు తెచ్చిన పత్తి బోరేల్లోకి, అంటే పెద్ద గోనె సంచుల్లోకి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు పత్తి లాగేవాడు. దాన్ని రెండు బొటనవేళ్ల నడుమ పట్టి మెల్లగా సాగదీసి, పింజ ఎంత పొడవుందో చూసేవాడు. తరువాత చెంపకు ఆనించుకుని తేమ చూసేవాడు. అప్పుడు ఒక్క మాట చెప్పేవాడు. చెప్పిన మాట మార్చడని యార్డంతా పేరు. అది యార్డులో గొప్పే. ఇంట్లో వాళ్లకు మాత్రం ప్రాణసంకటం, ఎందుకంటే మనుషులను కూడా ఆయన అట్లాగే చూసేవాడు. నా పెళ్లిచూపుల్లో మా ఆయనను ఎగాదిగా చూసి, అందరూ వింటుండగానే, "పింజ పొట్టిదే గని తేమ లేదు. తీస్కోవచ్చు" అన్నాడు. మా ఆయన ఇప్పటికీ ఆ మాట మరచిపోలేదు.

ఈ మనిషికి ఫుట్‌బాల్ పిచ్చి ఎక్కడ అంటుకుందో ఎవరికీ తెలియదు. వరంగల్లు గల్లీల్లో పిల్లవాడు చేతిలో బ్యాటుతోనే పుడతాడు. అలాంటి చోట, మన దేశం ఓడిపోతూనే ఉండే ఆటను పట్టుకుని వేలాడాడు. ఎందుకన్నా అంటే, "గెలిచేటోళ్లను ఎవడైన చూస్తడు చెల్లే. మార్కెట్ల మంచి పత్తికి గిరాకి ఉండనే ఉంటది. చూసే మనిషి కావల్సింది నడిమి రకానికి" అనేవాడు.

సాయంత్రం యార్డు నుంచి నేరుగా మట్టెవాడలో మా ఇంటికే వచ్చేవాడు. వాళ్లింట్లో ఆ వేళకు టీవీ మా వదినెది. మా ఇంట్లో ఆ వేళకు టీవీ ఎవరిదీ కాదు, ఎందుకంటే నేను దీపం పెట్టుకునే వేళ అది. ఆ సంగతి ఆయనకు ఎన్నిసార్లు చెప్పానో! వస్తూ వస్తూ జేబులో గుప్పెడు మాదిరి పత్తి తెచ్చేవాడు. అబద్ధమెందుకు, అంత మంచి పత్తి దుకాణాల్లో డబ్బులిచ్చినా దొరకదు. ఆ పత్తితో చేసిన వత్తి చివరిదాకా కొడి కట్టకుండా కాలేది. దేవుడి ముందు నా ఇంటి దీపం అంత నిమ్మళంగా వెలిగిందంటే అది ఆయన పుణ్యమే. ఆ మాట ముందే చెప్పి, తరువాత కోపం చెప్పుకుంటాను.

ఏదైనా పెద్ద టోర్నమెంట్ ముందుందంటే చాలు, ఆయన దేవుడి గూటి ముందు పీట వేసుకుని కూర్చునేవాడు. నేను చేసిపెట్టుకున్న వత్తుల డబ్బా బోర్లించి, పదకొండు వత్తులు ఏరి, పీట మీద టీమ్ పేర్చేవాడు.

"చెల్లే, గిటు చూడు. నలుగురు ఎనక, ముగ్గురు నడిమిట్ల, ముగ్గురు ముంగట."

"అన్నా, దీపం పెట్టే యాళ్లయింది. రెండు వత్తులియ్యి."

"జర ఆగు, గోల్‌కీపర్ ఎవలో ఇంక తేలలే."

"నీకు తేలేదాక మా దేవుడు చీకట్ల కూసుండాల్నా?"

అప్పుడు ఆయన చాలాసేపు ఆలోచించి, రెండు సన్నవి తీసి ఇచ్చేవాడు. "గీళ్లిద్దర్ని తీస్కపో. ఎట్లయిన బెంచి మీద కూసుండేటోళ్లే."

అలా మా దేవుడికి ఏడాది పొడుగునా బెంచి మీది వాళ్లే దక్కారు. ఒకనాడు విసుగొచ్చి, ఆయన టీకి లేచినప్పుడు పీట మీద ముందు వరసలో ఉన్న లావుపాటి వత్తిని తీసి వెలిగించేశాను. వచ్చి చూసి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "సెంటర్ ఫార్వర్డును కాలవెట్టినవ్ గదనే!" అని, టీ తాగకుండా వెళ్లిపోయాడు. మరునాడు మామూలుగానే వచ్చాడు. వచ్చి, "మంచిగనే కాలిండా?" అని అడిగాడు. "నడిమిట్ల ఒకసారి చిటపటలాడిండు" అన్నాను. "అనుకున్న. తేమ ఉన్నది వానికి" అన్నాడు. అంతటితో ఆ ఆటగాడి పని ఆయన దగ్గర అయిపోయింది.

నీళ్లు జల్లిన పత్తి అంటే, బరువు తూగడం కోసం దొంగతనంగా తడిపిన పత్తి. పేపర్లు మోసే ఆటగాళ్లందరూ ఆయన లెక్కలో ఆ రకమే. మెచ్చుకున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాళ్లలో మొదటివాడు ఎడమ పక్క వెనక ఆడే ఒక పిల్లవాడు. ఎక్కడో కొండల ఊరివాడు. టీవీలో ఏదో చిన్న మ్యాచ్‌లో చూశాడట. "పొడుగు పింజ. తేమ లేదు. గింజ చిన్నది" అని తేల్చేశాడు.

"మనిషికి గింజేందన్నా?"

"అహంకారం. గింజ పెద్దగుంటె దూది తక్కువ ఎల్తది."

కానీ కోచ్ ఆ పిల్లవాణ్ణి దిగనిచ్చేవాడు కాదు. వాడి చోటులో ఎవరో పాత ఆటగాడు పాతుకుపోయి ఉన్నాడు. అన్న ఊరుకుంటాడా? కోచ్‌కు ఉత్తరాలు రాయించడం మొదలుపెట్టాడు. రాయించడం ఎవరితో? నాతో. నేను బడికి పోలేదు. మా బాపు ఇంట్లోనే పలక మీద దిద్దించి, పద్యాలు చదివించి, నాకు రాత నేర్పాడు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష. "బాబాయి నీకు ముత్యాలసొంటి రాత నేర్పింది దేనికి? దేశానికి పనికొస్తె చాలదా?" అని అన్న నన్ను కూర్చోబెట్టేవాడు. పొయ్యి మీద పప్పు మాడుతుంటే నేను మిడ్‌ఫీల్డు సంగతులు రాసేదాన్ని.

"అన్నా, కోచ్ ఏ దేశపాయన?"

"గదెక్కడో దూరం."

"మరి తెలుగుల రాస్తె ఆయనకెట్ల తెలుస్తది?"

"పత్తి నాతోని ఏ భాషల మాట్లాడిందే? నాకు తెల్వట్లేదా? తెల్వాలనుంటె తెలుస్తది. రాయి."

కాగితం పైన నేను అలవాటుగా "శ్రీరామ" అని రాస్తే దానికీ పేచీయే. కోచ్ మనవాడు కాదు గదా, రాముడెందుకన్నాడు. రాముడు లేకపోతే నా కలం నడవదన్నాను. పది ఉత్తరాలు పోయాయి. ఒక్కదానికి జవాబు రాలేదు. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. అన్నకు ప్రతిసారీ కలిగేది.

ఆ యేడు జనవరిలో ఆసియా దేశాల పెద్ద పోటీలు. ఫిబ్రవరిలో మేడారం జాతర. యార్డులో హమాలీలకు కూడా ఈయన సంగతి తెలిసి, "ఏంది పెద్దమనిషీ, నీ ఎడమకాలు పిలగాడు బండెక్కిండా, ఇడిసిపెట్టి పోయిండ్లా?" అని ఆటపట్టించేవారట. ముప్పై ఏళ్లుగా మాట పోని మనిషి. బాగా తగిలింది. మొదటి మ్యాచ్‌కు రెండు రోజుల ముందు మా ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, ఈశాన్యం మూలకు తిరిగి రెండు చేతులూ ఎత్తాడు. మేడారం మాకు ఆ దిక్కే. మా దేవుడి గూడూ ఆ మూలే. దండం పెడుతున్నాడు, బుద్ధి వచ్చిందనుకున్నాను.

"తల్లీ సమ్మక్కా, తల్లీ సారలమ్మా! ఆ పిలగాడు మొదటి పదకొండు మందిల నిలవడితె, వాని నిలువెత్తు బంగారం మా చెల్లె తెచ్చి ఇస్తది."

మేడారంలో బంగారమంటే బెల్లం. మనిషిని తరాజులో ఒక పక్క కూర్చోబెట్టి, రెండో పక్క సరితూగేంత బెల్లం పెట్టి, దాన్ని తల్లుల గద్దెల దగ్గర అప్పజెప్పడం మా మొక్కు. మొక్కుకోవడంలో తప్పు లేదు. నా పేరు మీద మొక్కడమేమిటి?

"అన్నా! నన్ను అడగకుంట నా పేరు మీద మొక్కుడేంది?"

"నీ మాటకు పవరుంటది చెల్లే. నేను మొక్కితె ఆ తల్లికి తెల్వదా, వీడు పొద్దటి సంది ఎన్ని బేరాలు చేసిండో."

"తీరకుంటె పాపం నాకు తగుల్తది గద!"

"అందుకే తీరుస్తవ్. నాకు నీ మీద ఫికర్ లేదు."

చెప్పండి, ఇలాంటి మనిషిని ఏమనాలి?

మ్యాచ్ రోజు లైనప్ టీవీలో పడింది. ఎడమ పక్క, వెనక, ఆ పిల్లవాడి పేరు ఉంది. అన్న లేచి నిలబడ్డాడు. అరవలేదు, గంతులేయలేదు. చొక్కా గుండీలన్నీ సరిచేసుకుని, ఎవరో పెద్దలు ఇంటికొచ్చినట్టు నిలబడే ఉన్నాడు. మ్యాచ్ ఓడిపోయాం. ఆ పిల్లవాడి పక్క నుంచే బంతి దూరింది. నేను జాలిపడి, "పోనీలే అన్నా, ఇగ ఆ మొక్కు లేనట్టేనా?" అన్నాను.

ఆయనకు కోపం వచ్చింది. "నిలవడితె అన్న. గెలుస్తె అనలే. నిలవడ్డడా, లేదా?"

"నిలవడ్డడు."

"మరి? తీర్వాలె."

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. తరాజులో కూర్చోవలసినవాడు ఎక్కడో ఉన్నాడు. మేమేమో మట్టెవాడలో బెల్లం దుకాణం ముందు ఉన్నాం. జాతర రోజుల్లో ప్రతి దుకాణం ముందూ ఇనుప గొలుసుల పెద్ద తరాజు వేలాడదీస్తారు. జనం వరసలో నిలబడతారు. ఫోన్‌లో చూస్తే పిల్లవాడి బరువు డెబ్బై రెండు కిలోలని ఉంది. డెబ్బై రెండు కిలోల బెల్లం తూచి ఇమ్మంటే పోయేదానికి, అన్న వినలేదు. మనిషి ఎక్కని తరాజు మొక్కు కాదట, సరుకట. వరసలో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే ఎగాదిగా చూడడం మొదలుపెట్టాడు. "ఈయన అరవై అయిదు. గాయన ఎనభై, కడుపే ఇరవై." ఒకాయన ముఖం ఎర్రబడింది. నేను తలొంచుకున్నాను.

"నువ్వెక్కరాదె చెల్లే?"

"ఎక్కుత."

నన్నొకసారి చూశాడు. "వద్దు. ఎడమ బ్యాకు గాదు, గోలుపోస్టు తూగుతది."

చివరికి తానే ఎక్కుతానన్నాడు. "నేను ఎనభై రెండు. పదేండ్ల సంది గంతే. నాకు తూచి, పది కిలోలు తీసేయి సేటూ. వాని బరువు ఎల్తది."

దుకాణం ఆయన ఒక పక్క ఎనభై రెండు కిలోల బెల్లం ముద్దలు పేర్చాడు. రెండో పక్క అన్న కూర్చున్నాడు. దుకాణం ఆయన చెయ్యి వదలగానే బెల్లం పళ్లెం దబ్బున నేలకు తాకింది. అన్న గాలిలోకి లేచిపోయాడు. చెప్పులు లేని కాళ్లు గాలిలో ఊగుతున్నాయి. వరసలో జనం నవ్వారు. నేనూ నవ్వాను.

దుకాణం ఆయన ఒక ముద్ద తీశాడు. పళ్లెం కదలలేదు. ఇంకొకటి తీశాడు. ఇంకొకటి. ముద్దలు పోతూ ఉన్నాయి, అన్న అక్కడే, పైన ఉన్నాడు. నవ్వులు ఆగిపోయాయి. నాకు అప్పుడు కనిపించింది, చొక్కా కాలరు ఆయన మెడ చుట్టూ ఎంత వెడల్పుగా ఉందో. రోజూ సాయంత్రం నా ఎదురుగా కూర్చునే మనిషి. దీపం ఆలస్యమవుతోందని వత్తుల వైపు చూశానే గానీ, ఆయన వైపు ఒక్కసారైనా చూశానా?

రెండు పళ్లేలూ సమమయ్యే వేళకు యాభై తొమ్మిది కిలోలే మిగిలాయి.

"నీ తరాజు తప్పు సేటూ" అన్నాడు అన్న.

"పొద్దుగాల నుంచి దీంట్లనే తూస్తాన పెద్దనాయినా. ఎవలూ తప్పనలే."

అన్న పళ్లెంలోనే కూర్చుని, కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య ఎడమ ముంజేతి తోలు పట్టుకుని మెల్లగా సాగదీశాడు. వదిలాడు. అది వెనక్కు పోవడానికి సమయం తీసుకుంది. దాన్నే చూస్తూ, యార్డులో చెప్పినట్టే ఒక్క మాట చెప్పాడు.

"తేమంత పోయింది చెల్లే."

నేను కిందికి దిగమన్నాను. దిగలేదు. పదమూడు కిలోలు తక్కువున్నాయి, తక్కువ తూకం మొక్కు చెల్లదన్నాడు. దుకాణం ఆయన పది కిలోల రాయి, రెండు కిలోల రాయి, ఒక కిలో రాయి తెచ్చి ఆయన ఒడిలో పెట్టి, తీసిన బెల్లంలో పదమూడు కిలోలు మళ్లీ పేర్చాడు. అన్న పసిపిల్లను పట్టుకున్నట్టు ఆ రాళ్లను రెండు చేతులతో పట్టుకుని, పళ్లేలు నిలకడయ్యేదాకా కదలకుండా కూర్చున్నాడు. అలా తూగింది ఆ పిల్లవాడి బంగారం.

తరువాత దవాఖాన, పరీక్షలు. కడుపులో జబ్బని, ముదిరిందని డాక్టర్లు చెప్పారు. ఆయన జాతరకు రాలేకపోయాడు. నేను బయలుదేరేముందు నన్ను పిలిచి పాఠం చెప్పాడు. "గద్దె ముంగట ఆ పిలగాని పేరు చెప్పు. ఇంటిపేరుతోని సహ చెప్పు. తొక్కిసలాటల మర్చిపోతవేమో, కాగితం మీద రాసుకో." నేను చెంగు కొనకు కట్టుకున్నాను ఆ కాగితం.

మేడారంలో జనం నన్ను నడిపించలేదు, మోసుకుపోయారు. మా ఆయనా, ఇంకో మనిషీ మూట మోశారు. నా తల మీద ఒక్క బెల్లం ముద్ద. గద్దె ముందుకు రాగానే నిలబడడానికి దొరికింది ఒక్క క్షణం. వెనక నుంచి "నడువుండ్లి, నడువుండ్లి" అని తోస్తున్నారు. ముద్ద దించాను. నోరు తెరిచాను. పేరు చెప్పాను. తోసేశారు.

తిరిగొచ్చి అన్న మంచం దగ్గర కూర్చున్నాను.

"చెప్పినవా?"

"చెప్పిన."

"ఇంటిపేరు?"

"అన్నా, జనంల ఆగమాగమైపోయిన. ఆ పిలగాని పేరు మర్చిపోయిన."

ఆయన మోచేతి మీద లేచాడు. "మర్చిపోయినవా? పది ఉత్తరాలల్ల నువ్వే రాస్తివి గదనే! కాగితం మీద రాసుకొమ్మంటిని గదనే! మరి ఎవని పేరు చెప్పినవ్?"

"నీ పేరు."

మర్చిపోలేదు నేను. ఆ పేరు ఈనాటికీ నిద్రలో అడిగినా చెబుతాను. ఆ తల్లి ముందు నిలబడినప్పుడు నాకు టీమ్ కనిపించలేదు, ఆసియా కనిపించలేదు. గాలిలో ఊగిన రెండు కాళ్లు కనిపించాయి. మొక్కు దారి మళ్లించాను. తప్పయితే నాదే. ఆ తల్లి నన్ను ఏమీ అనలేదు. పైగా ఇంకో నాలుగు నెలలు ఆయన విసుగు నాకు వినిపించింది. దానికి ఆమెకు రోజూ దండం పెట్టుకుంటాను.

"లెక్క తప్పింది" అన్నాడు అన్న చివరికి. "నా పేరైతె యాభై తొమ్మిదే ఇయ్యాలె. పదమూడు కిలోలు ఎక్కువ పోయింది."

"ఎక్కువ గాదు. నువ్వు మళ్ల ఎక్కే బరువది. ముందుగాలనే ఇచ్చిన."

నా ముఖంలోకి చాలాసేపు చూశాడు, బోరెం అడుగు నుంచి తీసిన పత్తిని చూసినట్టు. నేను కళ్లు దించలేదు. ఆయనే పక్కకు తిరిగి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"మరి చూస్తానవేంది? లేచి అన్నం పెట్టు" అన్నాడు.

పప్పు కలిపి పెట్టాను. ఆ పిల్లవాడికి చేసిన అన్యాయానికి నన్ను తిడుతూ, కోచ్‌ను తిడుతూ, మూడు ముద్దలు తిన్నాడు.